నింగి నుంచి వచ్చిన గొంతులు ఎవరి సొత్తు?

తర్కశాస్త్రం చదువుకొన్న మన పూర్వులు శబ్దాన్ని ఆకాశానికి గుణంగా చెప్పారు. ఆధునిక భౌతికశాస్త్రం చెప్పేది వేరు: గాలి లేనిచోట శబ్దం లేదు. తార్కికుల ఆకాశమూ మన శూన్యమూ ఒకటి కావు కనుక వారిని తప్పుపట్టనక్కరలేదు. కాని చంద్రుని మీద పక్కపక్కన నిలబడిన ఇద్దరు వ్యోమగాములు ఎంత గట్టిగా అరిచినా రేడియో లేనిదే ఒకరి మాట ఒకరికి చేరదన్నది సత్యం. కాబట్టి మానవసహిత యాత్రల ధ్వనిముద్రణలని మనం అనుకొనేవి అంతరిక్షం చేసిన శబ్దాలు కావు. అవి మనుషుల మాటలు. శిరస్త్రాణంలోని మైకు అందుకొని, రేడియో తరంగంగా పంపగా, భూమి మీద అయస్కాంత టేపులపై నిలిచిన మాటలు. ఆ మాటలు ఎవరి సొత్తు అన్నదే ఈ వ్యాసవిషయం.

అమెరికాలో ఈ ప్రశ్నకు సమాధానం ఆశ్చర్యం కలిగించేటంత సరళమైనది. అవి ఎవరి సొత్తూ కావు. అందువల్లనే అందరి సొత్తు. 1976 నాటి అమెరికా కాపీరైటు చట్టంలోని 105వ సెక్షను ప్రకారం ఫెడరల్ ప్రభుత్వోద్యోగులు తమ విధినిర్వహణలో సృష్టించిన దేనికీ ఈ దేశంలో కాపీరైటు ఉండదు. ఈ సూత్రం 1976లో హఠాత్తుగా పుట్టినది కాదు. ప్రభుత్వ ప్రచురణలకు కాపీరైటు ఉండరాదన్న నియమం 1895 నాటి ముద్రణ చట్టంలోనే ఉన్నది. ప్రజల పన్నులతో తయారైన వస్తువును ప్రజలకే తిరిగి అమ్మరాదన్న న్యాయం అది. నాసా ప్రభుత్వ సంస్థ కనుక మెర్క్యురీ మొదలు షటిల్ వరకు నాసా స్వయంగా ముద్రించిన సంభాషణలను ఎవరైనా వినవచ్చు, కత్తిరించవచ్చు, పాటలో పొదగవచ్చు, నాటకంలో వాడుకోవచ్చు, ఆ నాటకానికి టిక్కెట్టు కూడా పెట్టవచ్చు. అనుమతి పత్రం లేదు, రుసుము లేదు.

కొన్ని మినహాయింపులు మాత్రం ఉన్నాయి. నాసా చిహ్నాన్ని ఇష్టం వచ్చినట్లు వాడరాదు. మన సరుకును నాసా మెచ్చుకొన్నదన్న భ్రమ కలిగించరాదు. షటిల్ యాత్రికులను నిద్రలేపడానికి హ్యూస్టన్ నుంచి వినిపించిన పాటల వంటివి ఆ ముద్రణలలో ఉంటే, ఆ పాటలు వాటి హక్కుదారులవే. ఇంతకు మించి పెద్ద ఆంక్షలు లేవు.

ఇంతటి నిధి ఉచితంగా ఉండగా మన సంఘాల వేదికల మీద జరుగుతున్నదేమిటి? పిల్లలు నెలల తరబడి సాధన చేసిన నృత్యం వీడియోగా ఎక్కించగానే, వెనుక మోగిన సినిమా పాట కారణంగా మూగబోతున్నది; లేదా పూర్తిగా తొలగిపోతున్నది. హక్కుదారుల మీద నాకు కోపం లేదు, వారి పాట వారిది. మనం మరొకరి సొత్తు మీద ఇంతగా ఆధారపడి, మనదైన సొత్తును ముట్టుకోకుండా ఉండడమే నాకు బాధ. అమెరికాలో పన్ను కడుతున్న ప్రతి తెలుగు కుటుంబానికీ ఈ టేపులలో వాటా ఉన్నది.

చట్టం ఇచ్చిన స్వేచ్ఛ ఒక్కటే చాలదు. టేపు బ్రతికి ఉండాలి. ఇక్కడ నా రంగమైన రసాయన శాస్త్రం ప్రవేశిస్తుంది. అయస్కాంత టేపులో ప్రధానంగా ఉండేవి పాలియెస్టర్ పట్టీ, దాని మీద సూదుల వంటి ఐరన్ ఆక్సైడ్ రేణువులు, ఆ రేణువులను అంటిపెట్టుకొని ఉంచే జిగురు. ధ్వని నిలిచేది రేణువులలో. తరచుగా ముందు చెడేది మాత్రం జిగురు. పాలీయూరిథేన్ జిగురులోని ఎస్టర్ బంధాలను గాలిలోని తేమ మెల్లమెల్లగా ఛేదిస్తుంది. ఏళ్లు గడిచేసరికి టేపు బంకబంకగా తయారై, యంత్రంలో తిప్పగానే కీచుమని, తన ఆక్సైడు పూతను యంత్రానికి పూస్తుంది. ఆ పూతతోపాటే మాటా పోతుంది. 1970, 80 దశకాలలో తయారైన ఎన్నో టేపులకు ఈ జబ్బు ఉన్నది. సుమారు 50 డిగ్రీల సెల్సియస్ వద్ద కొన్ని గంటలు వెచ్చబెడితే టేపు తాత్కాలికంగా కోలుకొంటుంది, ఆలోపల ప్రతి తీసుకోవాలి. (ఆ కాలంలో అమ్మమ్మలు పాడి పంపిన క్యాసెట్లు మీ ఇంట్లో ఉంటే దయచేసి వంటింటి ఓవెన్‌లో పెట్టకండి. ఈ పని తెలిసినవారికి ఇవ్వండి, కాని ఈ సంవత్సరమే ఇవ్వండి.)

జిగురు కంటె ప్రమాదకరమైనది మనుషుల పొదుపు. అపోలో 11 నుంచి వచ్చిన సంకేతాలను నేరుగా ముద్రించిన టేపులలో, ఇళ్లలోని టీవీలలో జనం చూసినదాని కంటె స్పష్టమైన చిత్రం ఉండేది. తరువాతి కాలంలో టేపుల కొరత వచ్చినప్పుడు వాటిని చెరిపి మళ్లీ వాడుకొన్నారని 2009లో నాసాయే తేల్చి చెప్పింది. కాపీరైటు లేకపోయినా, ప్రతి లేకపోతే ఎవరికీ ఏమీ మిగలదు.

అదృష్టవశాత్తు హ్యూస్టన్ నియంత్రణ కేంద్రపు ధ్వని టేపులు ఆ గతి తప్పించుకొన్నాయి. వాటి కథ తెలుసుకోదగినది. అపోలో కాలంలో వ్యోమగాములతో జరిగిన సంభాషణనే గాక, కేంద్రంలోని ఇంజనీర్లు తమలో తాము మాట్లాడుకొన్న మాటలను కూడా ముద్రించారు. ఒక్కొక్క టేపు మీద 30 వరుసలు, ఒక్కొక్క టేపు నిడివి సుమారు 14 గంటలు. వాటిని చదవగలిగిన యంత్రం సౌండ్‌స్క్రైబర్ అనే పాతకాలపు పరికరం ఒక్కటే మిగిలింది. అది ఒకసారికి ఒక్క వరుసనే చదువుతుంది. మరొక వరుసకు వెళ్లాలంటే చేతితో పిడి తిప్పాలి. అంటే ఒక టేపును పూర్తిగా దించుకోవడానికి 420 గంటలు! అటువంటి టేపులు రెండు వందలకు పైగా ఉన్నాయి. డాలస్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో వాక్‌సాంకేతిక పరిశోధకుడు జాన్ హాన్సన్ బృందం 2012లో జాతీయ విజ్ఞాన సంస్థ నిధులతో ఈ పని చేపట్టి, 30 వరుసలనూ ఒకేసారి చదివే తలను ఆ పాత యంత్రానికే అమర్చింది. తత్ఫలితంగా దాదాపు 19 వేల గంటల ధ్వని కంప్యూటర్లకు ఎక్కింది. అందులో అధికభాగం అపోలో 11ది. దానిని ప్రజలందరికీ అందుబాటులో ఉంచారు.

వెనుక గదుల మాటలు మనకెందుకని అడిగేవారికి ఒక్క ఉదాహరణ చాలు. 1969 జూలై 20న చంద్రుని మీదికి దిగుతుండగా నౌకలోని కంప్యూటరు 1202 అనే హెచ్చరిక చూపింది. ఆ సంఖ్యకు అర్థమేమిటో చెప్పమని ఆర్మ్‌స్ట్రాంగ్ అడిగాడు. కొన్ని క్షణాల తరువాత, ఫరవాలేదు, సాగండి అని చార్లీ డ్యూక్ భూమి నుంచి జవాబిచ్చాడు. ప్రపంచం విన్నది ఇంతే. ఆ కొన్ని క్షణాలలో ఏం జరిగిందో వెనుక గది టేపులో ఉన్నది. 24 ఏళ్ల జాక్ గార్మన్ అనే కుర్రవాడు, ఇటువంటి హెచ్చరికలన్నిటికీ ముందే చేత్తో రాసి పెట్టుకొన్న పట్టిక చూసి, అది మళ్లీ మళ్లీ రానంతవరకు ముందుకు సాగవచ్చునని 26 ఏళ్ల స్టీవ్ బేల్స్‌కు చెబుతాడు. బేల్స్ ఆ మాటను ఫ్లైట్ డైరెక్టరుకు అందిస్తాడు. యాత్రకు కొద్ది రోజుల ముందు జరిగిన అభ్యాసంలో ఇటువంటి హెచ్చరిక చూసి అనవసరంగా యాత్రను రద్దు చేయించినది ఈ బృందమే; ఆ పట్టిక పుట్టినది అందువల్లనే. చరిత్ర పుస్తకం ఈ సంగతి చెబుతుంది, నిజమే. కాని టేపులో ఆ కంఠంలోని తొందర, ఆ వెంటనే దాన్ని అణచుకొన్న తీరు వినిపిస్తాయి. ఇంజనీరింగు చదువుతున్న మన పిల్లలకు ఇంతకు మించిన పాఠం నాకు తెలియదు.

ఇతరులు ఈ నిధిని వాడుకొంటూనే ఉన్నారు. 2019లో టాడ్ డగ్లస్ మిల్లర్ తీసిన అపోలో 11 చిత్రంలో వ్యాఖ్యాత లేడు; కథ చెప్పే భారమంతా ఆనాటి గొంతుల మీదనే మోపాడు. బెన్ ఫీస్ట్ అనే ఆయన అపోలో 17, 11, 13 యాత్రలను క్షణం క్షణం యథాకాలంలో వింటూ అనుసరించేటట్లు ఇంటర్నెట్‌లో కూర్చి పెట్టాడు. పాత ధ్వనుల ఆధారంగా పాటలు కట్టే పబ్లిక్ సర్వీస్ బ్రాడ్‌కాస్టింగ్ అనే బ్రిటిష్ బృందం 2015లో అంతరిక్షపు పోటీ మీద ఒక ఆల్బమే వెలువరించింది. మరొక జంట తమకు క్విండార్ అని పేరే పెట్టుకొన్నది.

ఆ క్విండార్ అనేది సంభాషణల మధ్య వినిపించే 'బీప్' శబ్దం పేరు. వ్యోమగామి మీట నొక్కినప్పుడు వచ్చే చప్పుడని చాలామంది అనుకొంటారు, కాదు. హ్యూస్టన్ వారు మాట్లాడబోయే ముందు 2525 హెర్ట్జ్, ముగించిన తరువాత 2475 హెర్ట్జ్ ధ్వని పావు సెకను సేపు మోగేది. ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్న ప్రసార కేంద్రాలను టెలిఫోను తీగ ద్వారానే తెరవడానికి, మూయడానికి అది సంకేతం. ఈ రెంటి మధ్య తేడా ఒక అర్ధస్వరంలో సుమారు మూడో వంతు. మన సంగీత శాస్త్రజ్ఞులు చెప్పే ప్రమాణశ్రుతి కంటె కాస్త ఎక్కువ. మృదంగానికీ వీణకూ మధ్య ఈ రెండు చుక్కలను వాడుకొని ఒక పల్లవి కట్టగల విద్వాంసులు మన ఊళ్లలోనే ఉన్నారు. వారెవరూ ఇంతవరకు చేయకపోవడానికి కారణం ఈ సంగతి వారికి ఎవరూ చెప్పకపోవడమేనని నా అనుమానం.

తెలుగు బడులకు నేను సూచించదలచినది అపోలో 13. 1970 ఏప్రిల్ 13 రాత్రి ఆక్సిజన్ ట్యాంకు పేలిన తరువాత ముగ్గురూ చంద్రనౌకలో తలదాచుకొన్నారు. అది ఇద్దరికి రెండు రోజులకని తయారైనది. విడిచిన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకోవడానికి లిథియం హైడ్రాక్సైడు నింపిన డబ్బాలు ఉంటాయి. ఆ రెండూ కలిస్తే లిథియం కార్బొనేటు, నీరు ఏర్పడతాయి. ఇంటర్మీడియెట్ పిల్లవాడు కూడా రాయగల సమీకరణం. చంద్రనౌకలోని డబ్బాలు గుండ్రం, అవి చాలవు. ప్రధాన నౌకలో డబ్బాలు దండిగా ఉన్నాయి, కాని అవి చతురస్రం. రసాయనం ఒక్కటే, ఆకారం కుదరదు. ఎడ్ స్మైలీ నాయకత్వంలోని ఇంజనీర్లు ప్లాస్టిక్ సంచి, అట్టముక్క, దుస్తుల గాలిగొట్టం, అతుకు టేపు — నౌకలో ఉన్న వస్తువులతోనే — ఒక అమరిక కనిపెట్టారు. కాని దానిని పైకి పంపడం ఎట్లా? బొమ్మ పంపే వీలు లేదు. మాట ఒక్కటే ఉన్నది. జో కెర్విన్ దాదాపు ఒక గంటసేపు ఒక్కొక్క మెట్టు చదువుతుంటే, పైన చలిలో, అలసటలో ఉన్నవారు విని, తిరిగి అడిగి, చేతులతో చేశారు. కార్బన్ డయాక్సైడు దిగివచ్చింది.

ఆ సంభాషణ టేపు మనకు ఉచితంగా దొరుకుతుంది. పిల్లలకు దానిని వినిపించండి. ప్రతి ఆదేశాన్నీ తెలుగు చేయమనండి. ఒక జట్టు తెరకు ఇవతల నిలబడి తెలుగులో చెప్పాలి, మరొక జట్టు తెరకు అవతల, బొమ్మ చూడకుండా, ఆ డబ్బా తయారుచేయాలి. "ఆ అంచును ఇటు మడువు" అన్నప్పుడు ఏ అంచు, ఎటు అన్న ప్రశ్న వస్తుంది. భాష అంటే ఏమిటో అక్కడ తెలుస్తుంది. పద్యం అప్పజెప్పడంలో తెలిసే తెలుగు వేరు, ఒకరి ప్రాణం నిలపడానికి సరిపోయే తెలుగు వేరు. రెండూ కావాలి, మనం మొదటిదానికే బహుమతులు ఇస్తున్నాం.

పెద్దలకయితే బుర్రకథ ఉన్నది. తంబురా పట్టిన కథకుడు మధ్యన, హాస్యం చెప్పే వంతగాడు ఒక పక్క, రాజకీయం చెప్పేవాడు మరొక పక్క. అపోలో 13 కథకు నాలుగో గొంతుగా అసలు హ్యూస్టన్ టేపునే నిలబెట్టవచ్చు. కథకుడు ప్రశ్న వేస్తే జవాబు 1970 నుంచి రావాలి. ఈ వేదికను ఊహించుకొంటేనే నాకు ఉత్సాహంగా ఉంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. చట్టం అనుమతించినదల్లా ఔచిత్యం అనుమతించదు. 1986 జనవరి 28న ఛాలెంజర్ పేలిపోయినప్పుడు నాసా వ్యాఖ్యాత పలికిన మాటల ముక్కను 2013లో బియాన్సే ఒక ప్రేమగీతం మొదట్లో చేర్చింది. చట్టరీత్యా అడ్డు లేదు. కాని మరణించిన వ్యోమగాముల కుటుంబాలు నొచ్చుకొన్నాయి, నాసా కూడా ఆ విషాదాన్ని తేలిక చేయరాదని అన్నది. గాయని ఉద్దేశం నివాళియేనని వివరణ వచ్చింది. నివాళి కావచ్చు, అయినా ఆ ముక్క ఆ పాటలో ఉండకూడనిదని నా అభిప్రాయం. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా నుంచి వచ్చిన చివరి మాట మధ్యలోనే తెగిపోయింది. కల్పనా చావ్లా ఉన్న నౌక అది. దానిని పిల్లల నృత్యం మధ్యలో ఉత్కంఠ కోసం వాడాలని ఎవరికైనా తోస్తే, వారిని వారించవలసినది కాపీరైటు చట్టం కాదు, కార్యక్రమ నిర్వాహకులు.

రెండో హెచ్చరిక సత్యం గురించి. సూర్యుడు ఓంకారం పలుకుతున్నాడని, నాసా దానిని ముద్రించిందని చెప్పే వీడియో మనలో చాలామంది ఫోన్లకు బంధువుల నుంచి వచ్చే ఉంటుంది. నిజం ఏమంటే, సూర్యగోళం కొన్ని నిమిషాలకొకసారి చొప్పున కంపిస్తుంది. సోహో వ్యోమనౌక 40 రోజులు కొలిచిన ఆ కంపనాలను 42 వేల రెట్లు వేగం పెంచి స్టాన్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు చెవికి వినపడే ధ్వనిగా మార్చారు. అది ఒక అద్భుతమైన హుంకారం వంటి శబ్దం. దానిలో ఓంకారం వినడం వినేవారి ఇష్టం, కాని నాసా అట్లా చెప్పిందనడం అబద్ధం. మాటకు కొత్త అల్లిక చేయండి, మాటను మాత్రం మార్చకండి. 1995 నాటి సినిమా పుణ్యమా అని అపోలో 13 వారు "మాకు సమస్య ఉన్నది" అన్నారని లోకమంతా నమ్ముతున్నది. టేపులో ఉన్నది "సమస్య వచ్చింది" అన్న అర్థమిచ్చే మాట. అదీ మొదట అన్నది స్వైగర్ట్, తరువాత లోవెల్. స్వేచ్ఛగా ఉన్న టేపు మోసానికి అవకాశమిస్తుందని భయపడేవారు ఒక సంగతి గమనించాలి: ఆ మోసాన్ని మనం పట్టుకోగలుగుతున్నది కూడా టేపు స్వేచ్ఛగా ఉండడం వల్లనే.

ఈ స్వేచ్ఛ శాశ్వతమని అనుకోవద్దు. 105వ సెక్షను ప్రభుత్వానికే వర్తిస్తుంది. హైదరాబాదు నుంచి వచ్చిన తండ్రికి జన్మించిన రాజా చారి 2021 నవంబరు నుంచి 2022 మే వరకు అంతర్జాతీయ కేంద్రంలో ఉన్నాడు. నాసా ముద్రించి వెలువరించిన ఆయన మాటలు మనవి. గుంటూరులో పుట్టిన శిరీష బండ్ల 2021 జూలై 11న వర్జిన్ గెలాక్టిక్ నౌకలో అంతరిక్షపు అంచును తాకి వచ్చింది. ఆ సంస్థ ముద్రించినవి ఆ సంస్థవే. ఇద్దరూ మనవాళ్లే, ఒకరి గొంతును మన నాటికలో వాడుకోవచ్చు, మరొకరిదానికి అనుమతి అడగాలి. రానున్న కాలంలో ప్రైవేటు యాత్రలు పెరిగే కొద్దీ రెండో కోవ పెరుగుతుంది.

ఈ రెండు కోవలూ ఒకే పళ్లెంలో ఉన్న ఉదంతం కూడా ఉన్నది. మనుషులు లేని నౌకలే అయినా, 1977లో వెళ్లిన వాయేజర్లు మోసుకుపోయిన బంగారు పూత పళ్లెంలో 55 భాషల పలకరింపులు ఉన్నాయి. అందులో తెలుగు ఒకటి. 2015లో నాసా ఆ పలకరింపులను అందరూ వినేటట్లు ఉంచింది. అదే పళ్లెంలోని కేసర్‌బాయి కేర్కర్ పాటను, తక్కిన సంగీతాన్ని కాపీరైటు కారణంగా ఉంచలేకపోయింది. నక్షత్రాల వైపు సాగిపోతున్న పాటను భూమి మీద ఉన్నవారికి వినిపించడానికి ప్రభుత్వం వద్ద హక్కు లేదు!

ఇక అసలు సంగతి, మన మాతృదేశం. 1957 నాటి భారత కాపీరైటు చట్టం ప్రకారం ప్రభుత్వ కృతులకు ప్రభుత్వమే తొలి హక్కుదారు. ప్రచురించిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్లు ఆ హక్కు నిలుస్తుంది. 1984 ఏప్రిల్‌లో రాకేశ్ శర్మ సాల్యూత్ కేంద్రం నుంచి ఇందిరాగాంధీకి ఇక్బాల్ గీతంలోని మాటతో జవాబిచ్చిన ఘట్టం మన తరం వారందరికీ చెవుల్లో ఉన్నది. ప్రభుత్వ కృతుల లెక్క ప్రకారం అటువంటి 1984 నాటి ముద్రణ 2044 చివరి దాకా స్వేచ్ఛగా మన చేతికి రాదు. అప్పటికి దానిని విన్నవారిలో ఎందరుంటారు? 2025లో శుభాంశు శుక్లా వెళ్లినప్పుడు సంగతి మరింత చిక్కుపడింది. సీటుకు మూల్యం చెల్లించింది భారత ప్రభుత్వం, యాత్ర నిర్వహించింది ఆక్సియమ్ అనే ప్రైవేటు సంస్థ, నౌక స్పేస్‌ఎక్స్‌ది, బస అంతర్జాతీయ కేంద్రంలో. ఆయన మాటలలో ఏది ఎవరు వాడుకోవచ్చునో చెప్పడానికి వకీలును పిలవాలి.

గగన్‌యాన్ అట్లా కాదు. అది పూర్తిగా భారత ప్రజల డబ్బు, భారతదేశపు నౌక. 2023 అక్టోబరు 21న దాని రక్షణ వ్యవస్థ పరీక్ష జరిగినది శ్రీహరికోటలో. వ్యోమగాములతో బయలుదేరవలసినదీ అక్కడి నుంచే. మన తెలుగు నేల మీది నుంచి. ఆ కౌంట్‌డౌను, ఆ నియంత్రణ గదుల మాటలు, పైనుంచి వచ్చే మొదటి పలకరింపు — ఇవన్నీ యాత్ర జరగకముందే ప్రజల సొత్తుగా ప్రకటించాలని నేను కోరుతున్నాను. ఇందుకు కొత్త చట్టం అక్కరలేదు. ప్రభుత్వ సమాచారాన్ని ఎవరైనా వాడుకొనేటట్లు విడుదల చేయడానికి 2017లో భారత ప్రభుత్వమే ఒక బహిరంగ లైసెన్సును నోటిఫై చేసింది. ఆ స్ఫూర్తిని ధ్వనికి కూడా విస్తరిస్తే చాలు.

అభ్యంతరాలు లేకపోలేదు. వ్యోమగామి వైద్యుడితో మాట్లాడుకొన్నది రహస్యంగానే ఉండాలి. నాసా కూడా దానిని బయటపెట్టదు. రక్షణకు సంబంధించినవి వడపోయవచ్చు. పొరపాటు జరిగితే అది లోకానికి తెలుస్తుందన్న సంకోచమే అన్నిటికంటె పెద్దదని నాకు తోస్తుంది. కాని పైన చెప్పిన గార్మన్ పట్టిక పుట్టినది ఒక పొరపాటు నుంచే. అది అందరికీ వినపడుతున్నందువల్ల అమెరికా గౌరవం తగ్గలేదు.

ఈ సంవత్సరం మన సంఘం చేసే తీర్మానాలలో ఇది ఒకటి కావాలని నా ప్రతిపాదన. అందులో మూడు కోరికలు ఉంటే చాలు. గగన్‌యాన్ సంభాషణలను, ఒక్క ప్రధాన వరుసనే గాక వెనుక గదులవి కూడా, ముద్రించి భద్రపరచాలి. నిర్ణీత గడువులోగా, కత్తిరింపులు ఎక్కడ జరిగాయో సూచిస్తూ, వాటిని విడుదల చేయాలి. వాడుకొనేవారు మూలాన్ని పేర్కొనడం తప్ప మరొక షరతు ఉండరాదు. ప్రతులు బెంగుళూరులోని అంతరిక్ష శాఖకు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పార్లమెంటు సభ్యులకు పంపాలి. తెలుగు, ఇంగ్లీషు ముసాయిదాలు రెండూ రాసి ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను.